వేడి గాలి నడవ

మొదటి స్టిక్కరు చిరిగినప్పుడే రిఫఅత్ బే నోరు విప్పి ఉండవలసింది. విప్పలేదు. రెండవది చిరిగినప్పుడు విప్పడం మరికొంత కష్టమైంది, ఎందుకంటే అప్పటికి మొదటి మౌనానికి కూడా సంజాయిషీ ఇచ్చుకోవలసిన స్థితి ఏర్పడింది. ఇప్పుడు నాగీ మూడవ హార్డ్ డ్రైవును ట్రేలోనుంచి తీసి, దాని లోహపు వీపును చొక్కా అంచుతో తుడిచి, బొటనవేలి గోరుతో స్టిక్కరు మూలను గీకుతూ ఉంటే ఆ గీకుడు తన పళ్ళ మీదే జరుగుతున్నట్టు ఉంది ఆయనకు. మెడకు టై, మోకాళ్ళ మీద బస్బూసా మిఠాయి పెట్టె, పెట్టె మీద రెండు చేతులు. కైరోలో, బాబ్ అల్లూక్ వీధిలో మొదటి అంతస్తులో, పాత కంప్యూటర్ సామాను అమ్మే ఇరుకు దుకాణంలో, ఎవరో పెద్దమనిషి ఫొటో తీయించుకోవడానికి కూర్చున్నట్టు కూర్చుని ఉన్నారు. ఒకప్పుడు సంస్థలో తనతో పనిచేసిన తహానీ ఇంకో గంటలో వస్తుందట. ఆ మాట నాగీయే చెప్పాడు, ఫ్యాను తన వైపు నుంచి ఈయన వైపుకు తిప్పుతూ, పాపం, మర్యాదగా. గంట అంటే ఎంతసేపు, ఆవిడ వచ్చేదాకా ఓపిక పట్టి, వచ్చిన తరువాత, ఆవిడ కళ్ళ ముందే, తొందర లేకుండా, ఒక్క వాక్యంలో చెబితే చాలదా? చెప్పవలసిన వాక్యం సిద్ధంగానే ఉంది. ‘ఆ జిగురు వేడికి మాత్రమే లొంగుతుంది, మదామ్ తహానీ.’ అంతే. ఎంత క్లుప్తంగా, ఎంత నిండుగా ఉందో. మధ్యలో ఒకటో రెండో డ్రైవులు పోతే పోతాయి. ట్రేలు ఇంకా ఎన్ని లేవు, గోడ పొడుగునా.

“ఇవన్నీ మన బీమా సంస్థ డ్రైవులే బే,” అన్నాడు నాగీ గీకుతూనే. “మీ చేతుల్లో పెరిగిన పిల్లలు. సర్వర్ బీరువాల్ని తుక్కు కింద వేలం వేశారు, డ్రైవుల్ని మాత్రం తాళం వేసినవి వేసినట్టే పంపారు. కంప్యూటర్‌కి తగిలిస్తే ‘నేనున్నాను’ అంటుంది గానీ చదవనివ్వదు, రాయనివ్వదు. మా అత్తగారిలాగా, గుమ్మంలో కూర్చుంటుంది, లోపలికి రానివ్వదు.”

“పాస్‌వర్డు లేకుండా వాటితో మీరు ఏమి చేయదలచుకున్నారు?” అని అడిగినప్పుడు తన గొంతులో కాస్త గర్వం ధ్వనించిందని రిఫఅత్ బేకు తెలుసు. ఆ పాస్‌వర్డులో సగం ఒకప్పుడు ఈయన తలలో ఉండేది.

నాగీ నవ్వేశాడు. “పాస్‌వర్డు ఎవరిక్కావాలి బే! లోపల ఉన్నది కావాల్సినవాళ్ళకి కదా అది. మాకు లోపలిదెందుకు, డబ్బా చాలు. తయారుచేసినవాడు ప్రతి డ్రైవు వీపు మీదా పొడుగాటి కోడు ఒకటి అచ్చేసి పెడతాడు. అది కొడితే డ్రైవు తన లోపలి తాళంచెవిని తనే మింగేస్తుంది. ఉన్నదంతా బూడిద. ఇక అది కొత్త పెళ్ళికూతురే. ఎవడింటికి తీసుకెళ్తే వాడింటిది.”

కొత్త పెళ్ళికూతురు. ఆ మాట అన్నప్పుడు వాడి కళ్ళు గోడకు తగిలించిన ఊదారంగు శాలువా వైపు వెళ్ళాయా, లేక తానే అటు చూసి వాడు చూశాడనుకున్నారా? ఆ శాలువా తహానీది. సర్వర్ గది చలికి ఏడాది పొడుగునా భుజాల మీద వేసుకునేది. ఇక్కడ చలి ఎక్కడ ఉంది, ఈ ఎండలో, దుమ్ము గాలిలో? అవసరం లేని శాలువాను ఒక స్త్రీ ఒక గోడకు తగిలించి పోయిందంటే ఆ గోడ తనదనుకున్నదన్నమాట. నాగీ కూర్చున్న కుర్చీ మీద మెత్త ఉంది, చేతికుట్టు మెత్త. అది చాలదన్నట్టు, కోడులో చిన్న అక్షరాలు చదవవలసి వచ్చినప్పుడల్లా వాడు జేబులోనుంచి తీసి పెట్టుకుంటున్న కళ్ళద్దాలు ఆవిడవి. గోధుమరంగు చట్రం, ఎడమ కాడ దగ్గర చిన్న పగులు. పగులు ఎప్పుడు పడిందో కూడా ఈయనకు తెలుసు, లెక్కల తనిఖీ రోజున, బల్ల మీదనుంచి జారిపడి. వంగి తీసి ఇవ్వబోయి, ‘మదామ్, మీ అద్దాలు’ అని వేలితో చూపించి ఊరుకున్నారు. పరస్త్రీ ముఖం మీద ఉండే వస్తువును ముట్టుకోవడం సభ్యత కాదనుకున్నారు. పదహారేళ్ళ సభ్యత. ఇప్పుడు వీడు చెమట ముక్కు మీద ఆ అద్దాలు పెట్టుకుని, కాడను పళ్ళతో కొరుకుతూ ఆలోచిస్తున్నాడు. ఇద్దరికీ ఒకే నంబరు చూపు అట. అది కూడా నవ్వుతూ చెప్పాడు.

“అయితే ఇక్కడే వచ్చింది చిక్కు,” అని నాగీ డ్రైవును ఈయన ముక్కు దగ్గరకు తెచ్చాడు. “ఆ కోడు మీదే, సరిగ్గా దాని మీదే, మన సంస్థ స్టిక్కరు. మీ ఆర్డరే కదా బే! అన్నీ కుడివైపు పై మూలన, తాడు పట్టి కొలిచినట్టు. ఊడదీస్తే గళ్ళుగళ్ళుగా చిరిగి, కింద అచ్చుని కూడా లాక్కుపోతోంది. ఉపాయమేదైనా ఉందా?”

తిన్నగా అడిగాడు. అడగకపోయి ఉంటే బాగుండేది. రిఫఅత్ బే జన్మలో అబద్ధమాడి ఎరుగరు. ఆడవలసిన అవసరం రాకుండా మాటలు ఎంచుకోవడం ఆయనకు ఇంగ్లిషు పాఠశాలలో అబ్బిన విద్య.

“నేను అంటించమని ఉత్తరువు ఇచ్చాను,” అన్నారు. “ఊడదీయమని ఇవ్వలేదు.”

నాగీ పకపకా నవ్వాడు, చమత్కారమనుకుని. అనుకోనివ్వండి. ఆ నవ్వులోనే స్టిక్కరు మూల లేచింది, వాడు ఊపిరి బిగబట్టి లాగాడు, చిన్న చిటపట, వెండిరంగు గళ్ళు డ్రైవు మీద, మిగతా గళ్ళు వాడి వేలి మీద, మధ్యలో కోడు సగం అటు, సగం ఇటు. “ఇటుక,” అన్నాడు నాగీ నవ్వు ఆపి. “కోడు పోతే ఇక ఇటుకే. పాస్‌వర్డు ఉన్నా లాభం లేదు, బీరువాతోనే పోయింది దాని పని. దేవుడు నన్ను క్షమించుగాక, ఆయనే దిగివచ్చినా దీన్ని తెరవలేడు.” దాన్ని తీసుకెళ్ళి కిటికీ దగ్గర మిగతా రెండింటి పక్కన పెట్టాడు, చచ్చిన పిట్టను పెట్టినట్టు, మెల్లగా.

ఆ ఇటుకల్లో తహానీ సొమ్ము ఉంది. పదవీ విరమణనాడు చేతికి వచ్చిన మొత్తమంతా ఈ ట్రేల మీద పెట్టిందని సంస్థలో అందరూ చెప్పుకున్నారు, ఈయన చెవిన కూడా పడింది. పడినప్పుడు బాధ కలిగింది. సొమ్ము పెట్టినందుకు కాదు, నాగీతో కలిసి పెట్టినందుకు. తీగలు లాగేవాడు. నిచ్చెన ఎక్కి పైకప్పు పలకలు తీసి, దుమ్ము తలతో దిగి ‘అయిపోయింది మదామ్’ అనేవాడు. అటువంటివాడితో. తనను ఒక్క మాట అడగలేదు. అడిగితే వద్దనేవారే, నిజమే. తుక్కు వ్యాపారం మన స్థాయి వారికి తగదని ఒకసారి అందరి ముందూ అన్నారు కూడా. కానీ అడగడం వేరు, వద్దనడం వేరు. అడిగి ఉంటే వద్దని, తరువాత మెల్లగా ఒప్పుకుని, ఈ మెత్త ఉన్న కుర్చీలో... ఛీ, మెత్త మీద కూర్చోవడానికా ఈ వయసులో పోటీ?

కంప్యూటర్ తెర మీద అంకెలు కదులుతున్నాయి. దానికి తగిలించి ఉన్న డ్రైవు ఒక్కటే ఇంతవరకు దక్కినది. ఎవరో తొందరలో స్టిక్కరును పక్కకు అంటించడం వల్ల కోడు పూర్తిగా కనిపించింది, కొట్టగానే తాళం విప్పుకుంది. ఇప్పుడు దాని గడులన్నిటినీ చెరిపి యంత్రం మళ్ళీ కొత్త కొలతతో గీస్తోంది, ఎందుకంటే సంస్థ బీరువాలు ఒక్కో గడిలో సరిచూసుకునే గుర్తులకని కాస్త చోటు ఎక్కువ ఉంచుకునేవి, ఇళ్ళలో వాడే కంప్యూటర్లకు ఆ ఎక్కువ అర్థం కాదు. సగం దాటింది. మధ్యలో కరెంటు పోతే మళ్ళీ మొదటికి రావాలట. ఒకసారి దీపం మిణుకుమంది, నాగీ ‘యా రబ్, దేవుడా’ అని బల్ల పట్టుకున్నాడు. ఆ రెప్పపాటులో రిఫఅత్ బే మనసులో మెరిసిన కోరిక ఏమిటో ఆయన తరువాత చూసుకుని, తనది కాదన్నట్టు పక్కకు నెట్టేశారు. దీపం నిలిచింది. అంకెలు మళ్ళీ ఎక్కసాగాయి. నాగీ గుండె మీద చెయ్యి వేసుకుని ఈయన వైపు చూసి నవ్వాడు. అదే ఓపలేనిది, వీడి నవ్వు, లోపల ఏమీ దాచుకోనివాడి నవ్వు. దాచుకోవడానికి వీడి దగ్గర ఏముంది, ఉన్నదంతా గోడకు తగిలించి ఉంది, ముక్కు మీద పెట్టుకుని ఉంది.

ఆరు నెలలకొకసారి. జనవరిలో ఒకసారి, జూలైలో ఒకసారి. పాస్‌వర్డు మార్చవలసిన రోజు సర్వర్ గదిలోకి ఇద్దరే వెళ్ళాలి, రిఫఅత్ బే, మదామ్ తహానీ. మొదటి సగం ఈయనది, రెండవ సగం ఆవిడది. ఒకరి సగం మరొకరికి తెలియకూడదు. ఈయన కొడుతున్నప్పుడు ఆవిడ గోడ వైపు తిరిగి నిలబడేది, ఊదారంగు శాలువా వీపు. ఆవిడ కొడుతున్నప్పుడు ఈయన గోడ వైపు. ఆ గోడ మీద సున్నపు బుడిపె ఒకటి ఉండేది, ఒంటె ఆకారంలో. పదహారేళ్ళు దాన్ని చూశారు, చూస్తూ విన్నారు. తొందరగా ఏడెనిమిది మీటలు, ఒక ఆగడం, చివర నాలుగు మీటలు, నిదానంగా, ఒక్కొక్కటి ఆలోచించినట్టు. పాస్‌వర్డు మారినా ఆ చివరి నాలుగు ఎప్పుడూ అదే నడకలో వచ్చేవి. ఏదో ఒక సంవత్సరం అయి ఉంటుంది. ఏ సంవత్సరం? కూతురు పుట్టిన సంవత్సరమా, భర్త పోయిన సంవత్సరమా, లేక... లేక తాను ఆ విభాగానికి బదిలీ అయి వచ్చిన సంవత్సరమా? ఒకనాడు ఇంట్లో, భార్య ఉన్నప్పుడే, భోజనం దగ్గర వేళ్ళతో బల్ల మీద ఆ నడక వాయిస్తూ ఉంటే ‘ఏమిటది’ అని ఆమె అడిగింది. ‘ఏమీ లేదు’ అన్నారు. నిజంగానే ఏమీ లేదు. ఒక్క అనుచితమైన మాట లేదు, చూపు లేదు, గోడ వైపు తిరిగిన వీపు తప్ప. తరువాత ఈయనకు అరవై నిండాయి, పూలదండ వేశారు, ఈయన సగం నాగీకి వెళ్ళింది. అంటే ఆ మాట కాదు, ఆ చోటు. ఒంటె బుడిపె ముందు వీడు నిలబడ్డాడు, వీడి చెవిన పడ్డాయి ఆ నాలుగు మీటలు. వీడు విన్నాడా అసలు? వినే రకం కాదు. ఈల వేస్తూ నిలబడి ఉంటాడు. వినకపోవడం ఇంకా పెద్ద అపరాధం. ఇప్పుడు ఆ డ్రైవులు కోడు కొడితే చాలు, తాళంచెవి మింగేస్తాయి. ఆ సగమూ ఈ సగమూ కలిసినా ఇక ప్రపంచంలో ఏ తలుపూ తెరుచుకోదు. వీడికది పెళ్ళికూతురు.

“అయితే ఒకటి చెరగదు బే,” అంటున్నాడు నాగీ, దూదికి స్పిరిట్ అద్దుతూ. ఇప్పుడు అది కొత్త ప్రయోగం. “ఎన్ని గంటలు పనిచేసిందో ఆ లెక్క మాత్రం డ్రైవు దాచుకుంటుంది. ఎంత చెరిపినా పోదు. కొనేవాడు మొదట అదే చూస్తాడు. ఇవి చాలా పాతవే, అయినా ఎంత చక్కగా ఉంచారో! చల్లటి గదిలో, మీ కాపలాలో.”

“కాపలా కాదు, అది బాధ్యత,” అన్నారు రిఫఅత్ బే. అంటూనే స్పిరిట్ తడికి స్టిక్కరు కింద అచ్చు నీలంగా కరిగి దూదిలోకి రావడం చూశారు. నాలుగు. ఇక ఇప్పుడు చెప్పాలి. స్పిరిట్ వద్దు, వేడి, అంతే, పొడి వేడి. ఎందుకు చెప్పరు? వీడు చెడ్డవాడు కాదు. ఫ్యాను ఇటు తిప్పాడు. టీ తెప్పిస్తానన్నాడు. ఒక దొంగకైనా దారి అడిగితే చెబుతాం. కానీ అది దారి కాదు, అది వేడి గాలి నడవ, దాన్ని వీడికి ఎలా ఇస్తారు?

సర్వర్ గదిలో బీరువాలకు ముందు వైపు చల్లటి గాలి, వెనుక వైపు వేడి గాలి. వెనుక, బీరువాలకూ గోడకూ మధ్య ఇరుకు నడవ. మనిషి వెంట మనిషి తప్ప పక్కపక్కన నడవలేరు. ఎనిమిదేళ్ళ కిందటి ఆ జనవరిలో కైరో అంతా చలికి వణికింది. సంస్థ ఆస్తుల అంకెలు మారాయని పాత స్టిక్కర్లు తీసి కొత్తవి వేయమన్నారు, ఏదీ ఊడి రాలేదు, గదిలో గోళ్ళు విరిగాయి. చేతులు కొయ్యబారి ఇద్దరూ వెచ్చదనం కోసం వెనుక నడవలోకి వెళ్ళారు. ఆవిడ ముందు, ఈయన వెనుక. ఆవిడ అరచేతులు బీరువా వెనుక జాలీకి చాపి, ‘మా నాన్నమ్మ పొయ్యిలా ఉంది’ అంది. చేతిలో ఒక డ్రైవు ఉంది, మరిచిపోయి పట్టుకుని ఉంది, ఆ వేడి దాని వీపుకు తగులుతూ. మాటల్లో గోరు తగిలి స్టిక్కరు మూల లేచింది, మెత్తగా, అరటిపండు తొక్కలా, ఒక్క గీటు లేకుండా మొత్తం వచ్చేసింది. కింద అచ్చు తళతళలాడుతూ. ఆవిడ తిరిగి చూసింది. అంత ఇరుకులో తిరగడం వల్ల ముఖం చాలా దగ్గరగా వచ్చింది, వేడికి కణతల మీద వెంట్రుకలు ఎగురుతున్నాయి, చిన్నపిల్ల గాలిపటం ఎగరేసినప్పటి సంతోషం. ‘చూశారా! చూశారా బే!’ అంది. చూశారు. ఆ తరువాత సాయంత్రం దాకా ఒక్కొక్క డ్రైవునే ఆ నడవలోకి తెచ్చి, ఈయన పట్టుకుంటే ఆవిడ ఊడదీసింది. అంతే జరిగింది. ఎవరికీ చెప్పవలసినంత ఏమీ జరగలేదు, అందుకే ఎవరికీ చెప్పలేదు. వీడికి ‘వేడి’ అని ఒక్క మాట చెబితే, ‘మీకెలా తెలుసు బే?’ అంటాడు. రేపటినుంచి ఈ గదిలో వీడు పట్టుకుంటే ఆవిడ ఊడదీస్తుంది. ఎక్కడనుంచి వచ్చిందో తెలియకుండానే ఆ సాయంత్రాన్ని వాడేసుకుంటారు.

మరి ఆవిడ వీడికి ఎందుకు చెప్పలేదు? ఇద్దరికీ తెలిసిన సంగతే కదా. అంటే మరిచిపోయింది. గాలిపటం సంతోషం, జాలీ, చూశారా బే, అన్నీ పోయాయి. తన ఒక్కడి దగ్గరే మిగిలింది. అట్లయితే ఆవిడ వచ్చాక అందరి ముందూ చెప్పాలి, గుర్తుచేయాలి, ‘మీకు జ్ఞాపకం ఉందా మదామ్, ఆ జనవరి...’ వీడు అక్కడే ఉండాలి, వినాలి, తనకు తెలియని ఒక సాయంత్రం ఆవిడ ముఖం మీదకు తిరిగి రావడం చూడాలి. అందుకోసం ఆగుతున్నారు. అందుకోసం ఆగడం తప్పా?

ఐదవది. వాడు చెమట తుడుచుకున్నాడు. “తూతా తిడుతుంది,” అన్నాడు.

“ఎవరు?”

“తహానీ. ఇంట్లో అట్లాగే పిలుస్తారట, నాకూ అలవాటైపోయింది.” వాడు సిగ్గుపడ్డాడు, యాభై దాటిన మనిషి. “తను వచ్చేదాకా స్టిక్కర్లు ముట్టుకోవద్దంది బే. కానీ ఒక ట్రే పూర్తిచేసి వరసగా పెట్టి చూపిస్తే మొహం వెలిగిపోదూ!”

తూతా. రిఫఅత్ బే ఆ శబ్దాన్ని నోట్లో పెట్టుకుని చూశారు, పెదవులు దాటించకుండా. రెండక్షరాలు. పదహారేళ్ళు మదామ్ తహానీ. ముట్టుకోవద్దందట. ముట్టుకుంటున్నాడు. అయితే ఇది వీడి తప్పు, వీడి తొందర, తనకేమి సంబంధం? ఆవిడ వద్దన్న పని వీడు చేస్తుంటే మధ్యలో తాను దూరి సలహా ఇవ్వడం ఏమి మర్యాద? ఎంత బాగా కుదిరిందో ఆ వాదం. ఉత్తరువులు రాసే చేతికి వాదాలకేం కొదవ.

ఆరవదాన్ని తీసుకుని వాడు గీకలేదు. చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు. తెర మీద అంకెలు చివరికి వస్తున్నాయి.

“ఒక మాట చెప్పనా బే, కోప్పడకూడదు.”

“చెప్పండి.”

“నాకు మీరంటే ఒళ్ళు మంట.” నవ్వుతూనే అన్నాడు గానీ కళ్ళు పైకెత్తలేదు. “రోజూ మీ పేరే. తీగ వంకరగా కట్టానా, ‘రిఫఅత్ బే అయితే ఇలా ఒప్పుకునేవారు కాదు.’ బిల్లు గీతలు దాటి రాశానా, ‘రిఫఅత్ బే చూస్తే గుండె ఆగిపోను.’ ఈ సరుకు కొన్న రోజున మొదటి మాట ఏమిటో తెలుసా? ‘ఆయన్ని పిలుద్దాం, మూడో వాటా ఇద్దాం’ అంది. నేనే వద్దన్నాను. ‘ఆయన మనలాంటి వాళ్ళతో కూర్చుంటారా’ అన్నాను. అసలు సంగతి అది కాదు. మీరొస్తే ఇక నన్నెవరు చూస్తారు?” గట్టిగా ఊపిరి వదిలాడు. “ఇవాళ మీరు గుమ్మంలో కనిపించగానే అనుకున్నాను, ఈయన ముందు ఒక్కటన్నా సరిగ్గా ఊడదీసి చూపించాలి అని. చూడండి నా మొహం, కిటికీ నిండా ఇటుకలు.”

పిలుద్దాం అంది. మూడో వాటా. రిఫఅత్ బే పెట్టె మీద చేతులు ఒకదానిలో ఒకటి ఇరుక్కున్నాయి. గోడ, శాలువా, మెత్త, అన్నీ ఒక్కసారి పక్కకు జరిగి చోటు ఇచ్చినట్టు అనిపించింది, అక్కడ మూడో కుర్చీ పట్టేంత చోటు, ఇన్నాళ్ళూ ఉన్నదే, తనకోసమే. చెప్పేయాలి. ఇప్పుడే. ‘నాగీ, ఆగు, వేడి చెయ్యాలి.’ నోటి దాకా వచ్చింది కూడా. కానీ చూపు కిటికీ వైపు పోయింది. అక్కడ ఐదు. ఇప్పుడు చెబితే ‘ఇందాకే ఎందుకు చెప్పలేదు బే’ అని వీడు అడగడు. వీడు అడిగే రకం కాదు, చేతులు పట్టుకుని ముద్దుపెట్టుకుంటాడు. ఆవిడకు చెబుతాడు, ‘బే కాపాడారు’ అని. ఆవిడ లెక్క వేస్తుంది. అప్పుడే, రెండవది చిరిగినప్పుడే, చెప్పి ఉంటే! మొదటిదానికన్నా రెండవది బరువు, రెండవదానికన్నా ఐదవది. ఈలోపు వాడు తల వంచి, ఊపిరి బిగబట్టి, ఆరవదాని మూల లాగాడు.

చిటపట.

అదే క్షణంలో తెర మీద అంకెలు పూర్తయ్యాయి, యంత్రం కూత పెట్టింది, మెట్ల మీద చెప్పుల చప్పుడు, “నాగీ, ఆ కింద రద్దీ చూశావా, క్షౌరశాల వాడు ఇవ్వనంటాడు, బతిమాలి తెచ్చేసరికి...” అంటూ తహానీ లోపలికి వచ్చింది. ముఖం ఎర్రగా కందిపోయి ఉంది. చేతిలో జుట్టు ఆరబెట్టే యంత్రం, దాని తీగ నేల మీద ఈడ్చుకుంటూ. ఈయనను చూసి ఆగిపోయింది. ఆ ముఖం మీదకు వచ్చినది, కణతల మీద చెమటకు అంటుకున్న వెంట్రుకలతో, రిఫఅత్ బే ఎనిమిదేళ్ళుగా ఎదురుచూస్తున్నదే.

“రిఫఅత్ బే! ఎంత మంచివేళ వచ్చారు! చూడండి ఏం తెచ్చానో. ఆ వేడి గాలి నడవ గుర్తుందా మీకు? అక్కడ అరటితొక్కలా ఊడి వచ్చేవి చూడండి, అట్లాగే దీనితో కూడా...” నవ్వుతూ నాగీ వైపు తిరిగింది. వాడు లేచి నిలబడి, వేళ్ళ మీద వెండి గళ్ళను ప్యాంటుకు రాసుకుంటున్నాడు.

“ముట్టుకోవద్దన్నానా లేదా?”

“తూతా, నేను ఏదో ఒక ట్రే...”

ఆవిడ కిటికీ దగ్గరకు వెళ్ళింది. ఒకదాన్ని ఎత్తి వెలుతురుకు పట్టింది, పెట్టేసింది. తిట్టలేదు. దూది ముట్టుకుంది, ఇంకా తడిగా ఉంది. అప్పుడు మెల్లగా రిఫఅత్ బే వైపు చూసింది, ఆయన టై వైపు, మోకాళ్ళ మీద పెట్టె వైపు, అట్ట మూలలు చేతుల కింద నలిగి, పాకం కారి కాగితం మీద మచ్చ పడినంతసేపు అక్కడే ఉన్న పెట్టె వైపు.

“మీరు ఎప్పుడొచ్చారు?”

“సాయంత్రం అస్ర్ నమాజు బాంగుకు ముందు,” అన్నారు. నిజమే చెప్పారు.

“ఇవి ఊడదీస్తున్నప్పుడు ఇక్కడే ఉన్నారు.” అది ప్రశ్న కాదు.

“పాపం, బే నాకు తోడు కూర్చున్నారు,” అన్నాడు నాగీ హడావుడిగా, తిట్లు తనవైపు మళ్ళించుకోవాలని. “ఆయన్నేమీ అనకు. నేను అడిగితే ఆయనకీ తెలియదన్నారు...” అని ఆగాడు. అలా అనలేదని గుర్తొచ్చింది కాబోలు. కనుబొమలు దగ్గరకు వచ్చాయి. “అంటే, ఆ... నడవ అన్నావే, అది ఏమిటి?”

కింద వీధిలో కారు హారన్లు మోగుతున్నాయి. తహానీ బల్ల దగ్గరకు వచ్చి, తీగ చుట్ట విప్పుతూ, ముడి ఏదో పడితే గోళ్ళతో తీస్తూ, తల ఎత్తకుండా చెప్పింది.

“ఆయనకు తెలియదులే నాగీ. నేనేదో మాట తూలాను. ఆ రోజు నడవలో నేనొక్కదాన్నే ఉన్నాను. నేనే కనిపెట్టాను.”

ఎంత మృదువుగా అంది. రిఫఅత్ బేకు మొదట కలిగినది కృతజ్ఞత. వేసవిలో నీడలోకి అడుగు పెట్టినట్టు. తలుపు తీసి పట్టుకుంది, తాను దాటుకుని వెళ్ళిపోవడమే, ఒక్క మాట కూడా అక్కరలేదు, ఈ గంటంతా చేసిన పనే ఇంకొక్క నిమిషం చేస్తే చాలు. నాగీ ముఖం అప్పటికే తేలికపడుతోంది. ఆ తరువాత ఆయన ఆ నడవను చూశారు. ఆవిడ ఉంది, శాలువా భుజాల మీద, అరచేతులు జాలీకి చాపి. పొయ్యిలా ఉందని ఎవరితోనో అంటోంది, వెనుక ఎవరూ లేరు. తిరిగింది. చూశారా అంది, గోడతో. సాయంత్రం దాకా ఒక్కతే పట్టుకుంటోంది, ఒక్కతే ఊడదీస్తోంది. ఇంత తేలికా? ఒక్క వాక్యం, ముడి విప్పుతూ, తల ఎత్తకుండా! రేపు నాగీకి ఆ సాయంత్రం కథ చెబుతుంది, ఇట్లాగే, ఒంటరిగా, చెప్పగా చెప్పగా ఆవిడకు కూడా అట్లాగే జ్ఞాపకం ఉంటుంది.

పెట్టెను పక్కన నేల మీద పెట్టి రిఫఅత్ బే లేచి నిలబడ్డారు. టై సరిచేసుకున్నారు.

“నాకు తెలుసు, నాగీ,” అన్నారు. “నీవు అడిగినప్పుడూ తెలుసు.”

తహానీ చేతిలో తీగ ఆగిపోయింది. “బే, ఎందుకు...” అంది, ఒక్క ఆయనకే వినిపించేంత మెల్లగా.

నాగీ చిరునవ్వు ముఖం మీదనుంచి పోవడానికి చాలాసేపు పట్టింది. వాడు కిటికీ వైపు చూశాడు, మళ్ళీ ఈయన వైపు. ఆ అద్దాలు ఇంకా ముక్కు మీదే ఉన్నాయి. రిఫఅత్ బే వాటిలోకి తిన్నగా చూస్తూ, ఎవరో లాక్కోబోతున్న వస్తువును రెండు చేతులా పట్టుకున్నవాడి గొంతుతో, మిగిలిన వాక్యం కూడా చెప్పేశారు.

“ఆ నడవలో ఆవిడతో ఉన్నది నేను.”